కంప్యూటర్ స్థానంలో టాబ్లెట్: అడ్డంకి ఎక్కడుంది?

2020 నవంబర్‌లో ఆపిల్ సంస్థ తాను సొంతంగా రూపొందించిన ఎం1 చిప్‌తో మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఆరు నెలలు తిరగకముందే, 2021 ఏప్రిల్‌లో, అదే చిప్‌ను ఐప్యాడ్ ప్రో టాబ్లెట్‌లో పెడుతున్నట్టు ప్రకటించింది. చిప్ ఒకటే కాబట్టి రెండూ ఒకే పని చేయగలగాలి. అయితే మ్యాక్‌బుక్ కొన్నవారు దాని మీద సాఫ్ట్‌వేర్ రాసి, పరీక్షించి, ఇతరులకు పంపగలిగారు. ఐప్యాడ్ కొన్నవారికి ఆపిల్ సొంత ప్రోగ్రామింగ్ సాధనమైన ఎక్స్‌కోడ్ కూడా అందులో దొరకలేదు. ఆ ఐప్యాడ్‌లలో ఖరీదైన రకాలు 16 జీబీ ర్యామ్‌తో వచ్చాయి. అయినా కొన్ని నెలల తరువాత ఐప్యాడ్‌ఓఎస్ 15 విడుదలయ్యేదాకా ఏ ఒక్క యాప్ కూడా 5 జీబీకి మించి వాడుకోవడానికి వీల్లేకపోయింది. డబ్బు పోసి కొన్న శక్తిలో మూడింట రెండు వంతులు, ఒక పెద్ద పని మీద కూర్చున్నప్పుడు అక్కరకు రాకుండా ఉండిపోయిందన్నమాట.

ఉద్యోగానికో వృత్తికో టాబ్లెట్ ఒక్కటే సరిపోతుందా అన్న ప్రశ్నను మనం సాధారణంగా దుకాణంలో బేరమాడే పద్ధతిలోనే అడుగుతుంటాం: ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు. పై ఉదాహరణ చూస్తే ఆ లెక్కల వల్ల జవాబు తేలదని అర్థమవుతుంది. నా ఉద్దేశంలో తేల్చవలసినవి రెండు. పరికరంలో ఏ ప్రోగ్రామ్ నడవాలో, అది ఏయే ఫైళ్లను తాకవచ్చో నిర్ణయించే అధికారం ఎవరిది అన్నది ఒకటి. మనం చేసిన పనిని చివరికి ఎవరికి అప్పగించాలి, వారు దాన్ని ఏ రూపంలో అడుగుతారు అన్నది రెండవది. మొదటి అడ్డంకి ఏటికేడు సడలుతోంది. రెండవదాన్ని తొలగించడం టాబ్లెట్ తయారీదారుల చేతిలో లేదు; తెలుగు రాష్ట్రాల్లో చిన్న ఆఫీసులు, దుకాణాలు నడిపేవారికి ఎక్కువగా ఎదురయ్యేది ఆ రెండవదే.

2010 జనవరి 27న స్టీవ్ జాబ్స్ ఐప్యాడ్‌ను పరిచయం చేసినప్పుడు, ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఉండే మూడో రకం పరికరంగానే దాన్ని చూపించారు. వాలుకుర్చీలో కూర్చుని వెబ్ పేజీలు చూడడం, ఫొటోలు తిరగేయడం, పుస్తకం చదువుకోవడం వంటివే దానికి అప్పగించిన పనులు. అందుకు తగ్గట్టు ఫోనులో వాడే సాఫ్ట్‌వేర్‌నే దానిలోనూ పెట్టారు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి యాప్‌కూ వేరుగా ఒక గది ఉంటుంది. పక్క యాప్ దాచుకున్న ఫైళ్లు దానికి కనిపించవు. తయారీదారు స్టోరులో ఆమోదం పొందని యాప్ లోపలికి రాలేదు. ఆమోదం పొందిన యాప్ కూడా బయటినుంచి కొత్త కోడ్‌ను తెచ్చుకుని తన స్వభావాన్ని మార్చుకోకూడదు. తెర మీద లేని యాప్‌ను కొద్దిసేపటికే నిద్రపుచ్చుతారు. వైరస్‌ల బెడద అంతగా లేకపోవడానికి, బ్యాటరీ పొద్దస్తమానం రావడానికి, జీవితంలో ఎన్నడూ కంప్యూటర్ ముట్టనివారు కూడా జంకు లేకుండా వాడగలగడానికి ఈ కట్టుబాట్లే కారణం. కనుక వాటిని లోపాలుగా లెక్కగట్టడం న్యాయం కాదు. అవి ఒక రకం వాడకానికి బాగా కుదిరిన ఏర్పాట్లు.

ఆఫీసు పని తీరు వేరు. ఈమెయిల్‌లో ఒక పట్టిక వస్తుంది. దాన్ని ఎక్సెల్‌లో తెరిచి రెండు నిలువు వరుసలు సరిచేయాలి. అందులోంచి నాలుగు అంకెలు తీసి ఉత్తరంలో చేర్చాలి. ఉత్తరాన్ని పీడీఎఫ్‌గా మార్చాలి. దానికి పాత రసీదు స్కాన్ జతచేసి, సైజు తగ్గించి, ఎక్కడో ఒక ప్రభుత్వ వెబ్‌సైటులో ఎక్కించాలి. కంప్యూటర్ మీద ఇదంతా ఒక ఫోల్డర్‌లో జరుగుతుంది. ఆ ఫోల్డర్‌లోని ఫైలును ఏ ప్రోగ్రామ్ అయినా తెరిచి, మార్చి, అక్కడే వదిలేస్తుంది. టాబ్లెట్‌లో చాలాసార్లు ఒక యాప్ ఇంకో యాప్‌కు నకలు అందిస్తుంది, అది మరొక నకలు తయారుచేస్తుంది, సాయంత్రానికి ఒకే ఉత్తరం మూడు చోట్ల మూడు రూపాల్లో కనిపించి, వీటిలో పంపవలసింది ఏదన్న సందేహం మిగులుతుంది. ఐప్యాడ్‌లో ఫైళ్లను ఒకచోట చూపే యాప్ 2017లో గానీ రాలేదు. పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లను నేరుగా తెరిచే వీలు 2019లో ఐప్యాడ్‌ఓఎస్ 13తో వచ్చింది. ఈ విషయంలో ఆండ్రాయిడ్ టాబ్లెట్లు మొదటినుంచీ కొంత ఉదారంగా ఉన్నాయి, కాకపోతే వాటి యాప్‌లలో చాలా భాగం ఫోను తెరను సాగదీసినట్టే ఉండేవి. ఆ పరిస్థితిని చక్కదిద్దడానికి గూగుల్ 2022లో పెద్ద తెరల కోసం ఆండ్రాయిడ్ 12ఎల్‌ను ప్రత్యేకంగా తేవలసివచ్చింది.

కీబోర్డు తగిలిస్తే టాబ్లెట్ కంప్యూటర్ అవుతుందా అన్న సందేహాన్ని మైక్రోసాఫ్ట్ సంస్థ తన సొంత ఖర్చుతో తీర్చింది. 2012 అక్టోబర్‌లో అది సర్ఫేస్ ఆర్‌టీ అనే టాబ్లెట్‌ను విడుదల చేసింది. చూడడానికి విండోస్‌లాగే ఉంటుంది, అందరికీ అలవాటైన డెస్క్‌టాప్ ఉంటుంది, వర్డ్, ఎక్సెల్ ముందే పెట్టి ఇచ్చారు, అయస్కాంతంతో అతుక్కునే కీబోర్డు కూడా దొరికేది. లేనిదల్లా ఒక్కటే: అప్పటిదాకా ఇంటెల్ తరహా ప్రాసెసర్ల కోసం రాసిన విండోస్ ప్రోగ్రాములేవీ దాని మీద నడవవు. 2013 జూలైకల్లా మైక్రోసాఫ్ట్ ఆ నిల్వల విలువ తగ్గించి 90 కోట్ల డాలర్ల నష్టం చూపవలసివచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన సర్ఫేస్ ప్రో సుమారు 900 గ్రాముల బరువుండేది, వేడెక్కేది, బ్యాటరీ తొందరగా అయిపోయేది. అయినా అందులో పూర్తి విండోస్ ఉంది, పాత ప్రోగ్రాములన్నీ నడిచాయి. నేటికీ బతికి ఉన్నది ఆ వంశమే. 2014 మేలో సర్ఫేస్ ప్రో 3ను ప్రకటించినప్పుడు ల్యాప్‌టాప్ స్థానాన్ని తీసుకోగల టాబ్లెట్ అని ప్రచారం చేశారు. ఆ మాట అబద్ధం కాదు గానీ అందులో ఒక చిన్న కిటుకు ఉంది: సర్ఫేస్ ప్రో టాబ్లెట్ ఆకారంలో ఉన్న కంప్యూటరే, కంప్యూటర్‌ను తొలగించి వచ్చిన కొత్త జాతి కాదు. టాబ్లెట్ వాడి అన్ని పనులూ చేసుకుంటున్నామని ఎవరైనా చెప్పినప్పుడు, వారు దేని గురించి మాట్లాడుతున్నారో ముందు కనుక్కోవడం మంచిది.

ఆపిల్ దారి ఇందుకు తిరగబడి నడిచింది. ఐప్యాడ్ అమ్మకాలు 2013 ఆర్థిక సంవత్సరంలో సుమారు 7 కోట్ల 10 లక్షలకు చేరి, 2016 నాటికి 4 కోట్ల 56 లక్షలకు పడిపోయాయి. ఫోన్ల తెరలు పెద్దవయ్యాయి, కొన్న టాబ్లెట్ పాడవకుండా ఏళ్ల తరబడి పనిచేసింది, మళ్లీ కొనవలసిన కారణం కనిపించలేదు. దాంతో కొత్త కారణాన్ని పని రూపంలో వెతుక్కున్నారు. 2015 నవంబర్‌లో 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రో, దానికి విడిగా కొనుక్కునే కీబోర్డు, తెర మీద రాసే పెన్సిల్ వచ్చాయి. 2020 మార్చిలో మౌసుకూ ట్రాక్‌ప్యాడ్‌కూ పూర్తి మద్దతు ఇచ్చారు. 2022లో ఒకదాని మీద ఒకటి పరిచే కిటికీలు, బయటి మానిటర్‌ను వేరే తెరగా వాడుకునే వీలు ఎంపికచేసిన ఐప్యాడ్‌లకు వచ్చాయి; అంతకుముందు మానిటర్ తగిలిస్తే చాలా యాప్‌లలో ఐప్యాడ్ తెరే అటూ ఇటూ నల్లటి పట్టీలతో కనిపించేది. 2025లో ఐప్యాడ్‌ఓఎస్ 26తో, ఇష్టమొచ్చిన సైజుకు లాగగల కిటికీలు, తెర పైభాగంలో మెనూ పట్టీ కూడా చేరాయి. ఈ వరుస చూస్తే ఒక సంగతి బయటపడుతుంది: ఫైళ్ల యాప్, మౌసు, కిటికీలు, మెనూ ఇవన్నీ దశాబ్దాల క్రితం నుంచీ కంప్యూటర్‌లో ఉన్నవే. ఆఫీసు పనికి పనికివచ్చిన ప్రతి మెరుగుదలలోనూ టాబ్లెట్ కంప్యూటర్ వైపు ఒక అడుగు జరిగింది తప్ప, కంప్యూటర్ అవసరాన్ని తీసేయలేదు.

మరి టాబ్లెట్ నిస్సందేహంగా నెగ్గిన చోట్లు లేవా అంటే, చాలా ఉన్నాయి. వాటిని దగ్గరగా చూస్తే అక్కడ అది ఓడించినది కంప్యూటర్‌ను కాదు, కాగితాన్ని. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2013 నాటికి తన విమానాల కాక్‌పిట్లలో ఐప్యాడ్లను ప్రవేశపెట్టి, పైలట్లు మోసుకెళ్లే సుమారు 16 కిలోల మ్యాపుల, మాన్యువళ్ల సంచులను తీసేసింది. ఒక చేత్తో పట్టుకుని, ఇరుకు చోట కూర్చుని, కావలసిన పేజీని క్షణంలో తెరవడం ఆ పని. ల్యాప్‌టాప్ అక్కడ అంత సులువుగా ఇమడదు. మన దేశంలో 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనకు బీఈఎల్ తయారుచేసిన చౌక టాబ్లెట్లతో ఇంటింటికీ వెళ్లి వివరాలు నమోదు చేశారు. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అన్‌మోల్ పథకం ఏఎన్ఎంల చేతికి టాబ్లెట్ ఇచ్చి, గర్భిణులు, శిశువుల వివరాలు రాసే రిజిస్టర్ల బదులు యాప్‌లో నమోదు చేయించింది. నిలబడి, గడప దగ్గర, ఎండలో, మనిషి ముఖం చూస్తూ చేసే పని అది. బొమ్మలు గీసేవారి విషయమూ ఇంతే: 2011లో వచ్చిన ప్రొక్రియేట్ వంటి యాప్‌లతో తెర మీదే కుంచె పెట్టి గీయడం, మౌసుతోనో ఎక్కడో పెట్టిన పలక మీదో గీసి తలెత్తి మానిటర్‌లో చూసుకోవడం కన్నా చేతికి ఎంతో సహజం. కథలకు బొమ్మలు వేసే చిత్రకారుడు నన్నడిగితే, కంప్యూటర్ అక్కర్లేదని తడుముకోకుండా చెబుతాను.

కాగితానికి ప్రత్యామ్నాయాన్ని కంప్యూటర్‌కు ప్రత్యామ్నాయంగా అమ్మితే ఏమవుతుందో చూపడానికి, విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వం తెచ్చిన చౌక టాబ్లెట్ ఆకాశ్ మన ఇంటి ఉదాహరణ. 2011 అక్టోబర్ 5న కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో దాన్ని ఆవిష్కరించారు. డేటావిండ్ సంస్థ ఆ తొలి టాబ్లెట్లను హైదరాబాద్‌లో కూర్పించింది. గోరుతో గట్టిగా నొక్కితే గాని స్పందించని 7 అంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. విద్యార్థికి ఇదే పుస్తకం, ఇదే కంప్యూటర్ అన్నంత ఆశ కల్పించారు. హాయిగా చదువుకోవడానికి తెర చాలలేదు, పనిచేయడానికి మిగతావి చాలలేదు. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ కలిపి సుమారు 5 లక్షల టాబ్లెట్లు పంచినప్పుడు లక్ష్యం ఇంకా స్పష్టంగా ఉంది: పాఠాలు చూడడం, వినడం. ఆ పరిమితిలో పరికరం ఎంపికను తప్పుపట్టడానికి లేదు. అయితే పాఠం చూడడమూ కంప్యూటర్ వాడడం నేర్చుకోవడమూ ఒకటేనని అనుకుంటే మాత్రం, డిగ్రీ పూర్తయ్యాక ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఎక్సెల్ ముందు ఆ భ్రమ తొలగిపోతుంది.

ఇక రెండవ అడ్డంకి, అంటే పని ఎవరికి అప్పగించాలన్నది. ఒక జిల్లా కేంద్రంలో నాలుగైదు చిన్న కంపెనీల లెక్కలు చూసే అకౌంటెంట్‌ను ఊహించండి. ఆయన రోజంతా తెరిచి ఉంచేది ట్యాలీ. బెంగళూరు కేంద్రంగా ఎదిగిన ఆ సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం తయారైనది. బ్రౌజర్‌లో నివేదికలు చూసుకోవచ్చు, నెలవారీ అద్దెతో క్లౌడ్‌లో నడుపుకోవచ్చు, కానీ టాబ్లెట్‌లో దించుకుని కూర్చుని వోచర్లు కొట్టే యాప్‌గా అది లేదు. ఖాతాదారులు పంపే ఎక్సెల్ ఫైళ్లలో, ప్రభుత్వ శాఖలు ఇచ్చే నమూనాల్లో తరచూ మాక్రోలు, అంటే వరుస పనులను తమంతట తామే చేసే చిన్న ప్రోగ్రాములు, ఉంటాయి. ఐప్యాడ్, ఆండ్రాయిడ్ ఎక్సెల్‌లలో మాక్రోలు నడవవు. ఫైలు తెరుచుకుంటుంది, అంకెలు కనిపిస్తాయి, ‘సరిచూడు’ అన్న బటన్ నొక్కితే ఏమీ జరగదు. చిన్న తెరలకూ పెద్ద తెరలకూ మైక్రోసాఫ్ట్ ఏళ్లుగా పాటిస్తున్న తేడా ఇంకొకటి ఉంది: 10.1 అంగుళాలు దాటని పరికరంలో వర్డ్, ఎక్సెల్ యాప్‌లతో సాధారణ మార్పులు ఉచితం, అది దాటితే చందా కట్టాలి. పనికోసమని పెద్ద టాబ్లెట్ కొన్నవారు ఇంటికి వచ్చాక తెలుసుకునే ఖర్చు ఇది.

నెలాఖరుకు ఆయన కంపెనీల మంత్రిత్వశాఖకు పత్రాలు సమర్పించాలి, లేదా కాంట్రాక్టరు తరఫున టెండరు వేయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ప్రభుత్వ కొనుగోళ్లను ఆన్‌లైన్‌కు మార్చిన రాష్ట్రం; ఇక్కడి కాంట్రాక్టర్లకు డిజిటల్ సంతకం కొత్త కాదు. పెన్‌డ్రైవ్‌లా కనిపించే యూఎస్‌బీ టోకెన్‌లో సంతకపు రహస్య తాళం ఉంటుంది. అది టోకెన్ దాటి బయటికి రాదు, అదే దాని భద్రత. భద్రతా కారణాల వల్ల మామూలు వెబ్ పేజీ ఆ టోకెన్‌ను నేరుగా తాకలేదు. అందుచేత కంప్యూటర్‌లో ఒక చిన్న సహాయక ప్రోగ్రామ్‌ను, టోకెన్ డ్రైవర్‌ను వేసుకోమంటారు. సంతకం చేయవలసిన పత్రపు సారాంశాన్ని వెబ్ పేజీ ఆ సహాయకుడికి అందిస్తుంది. అది డ్రైవర్ ద్వారా టోకెన్‌ను పలకరించి, పిన్ అడిగి, తయారైన సంతకాన్ని తిరిగి పేజీకి ఇస్తుంది. ఇందులో జరిగేదంతా టాబ్లెట్ కట్టుబాట్లకు విరుద్ధమే: తెర వెనక నిరంతరం మేల్కొని ఉండే ప్రోగ్రామ్, బ్రౌజర్ దానితో మాట్లాడడం, బయటివారు రాసిన డ్రైవర్. ఐప్యాడ్‌లో ఎంత గొప్ప చిప్ పెట్టినా ఈ పని ముందుకు కదలకపోవడానికి కారణం ఇదే. పోల్చి చూస్తే, సొంత పేరుతో చిన్న వ్యాపారం నడిపేవారు జీఎస్టీ రిటర్నును ఫోనుకు వచ్చే ఓటీపీతో ధ్రువీకరించవచ్చు; వారికి టాబ్లెట్ చాలు. పరికరం ఒకటే. సంస్థ స్వరూపం మారినందువల్ల, చట్టం కోరే సంతకం మారినందువల్ల జవాబు మారిపోయింది.

తెలుగు అచ్చుపనిలో ఈ చిక్కు మరింత లోతుగా ఉంది. మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు పెళ్లిపత్రికలనుంచి చిన్న పత్రికలదాకా తయారుచేసేది ఇప్పటికీ ఎక్కువగా పుటలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. పేజ్‌మేకర్ చివరి రూపమైన 7.0 వచ్చింది 2001లో. అడోబీ సంస్థ దాని బదులు ఇన్‌డిజైన్‌ను ముందుకు తెచ్చి పాతదాన్ని వదిలేసింది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఒక్కొక్క సంఖ్య కేటాయించిన ఉమ్మడి పద్ధతి, తెలియదు. అను వంటి ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టును, గుడిని, ఒత్తులను సర్దిపెట్టారు. వీటిని ఒక్కొక్కటీ పేర్చి అక్షరం కడతారు. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల గందరగోళం కనిపిస్తుంది. మీటలు నొక్కిన క్రమాన్ని ఆ ముక్కలుగా మార్చే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ ప్రోగ్రామ్, ఆపరేటర్ల వేళ్లకు పట్టిన కీబోర్డు అమరిక దానిది. ఆ అమరికల్లో ఒకదాని పేరులో ఆపిల్ ఉన్నంత మాత్రాన ఐప్యాడ్‌లో అది దొరుకుతుందని ఆశపడవలసిన పనిలేదు.

ఇది పాతబడిన పద్ధతే, నిజమే. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచి చోటుంది. మండలి, రామభద్ర, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరుకుతున్నాయి. అను అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలూ ఉన్నాయి, తప్పులు దిద్దుకునే ఓపిక ఉంటే. కానీ ప్రెస్సువారు అడిగేది పేజ్‌మేకర్ ఫైలు, రచయిత పదిహేనేళ్ల కింద వేసిన పుస్తకం ఉన్నది ఆ రూపంలో, పునర్ముద్రణకు వచ్చినప్పుడు తెరవవలసినది దాన్నే. విచిత్రమేమిటంటే, అదే పత్రికకు వార్త రాసే విలేకరికి ఈ బాధేమీ లేదు. ఆయన ఫోనులోనో టాబ్లెట్‌లోనో తెలుగులో మాట్లాడితే అక్షరాలై పడతాయి. తప్పులు సరిచూసి పంపితే ఆయన పని అయిపోయింది. పుటను కట్టే డెస్కులో మాత్రం కంప్యూటర్ కదలదు. ఒకే సంస్థలో ఒకే వార్త నడిచే దారిలో ఒక మజిలీకి టాబ్లెట్ చక్కగా సరిపోయి, తరువాతి మజిలీకి ఎందుకూ పనికిరాకపోవడం చూస్తే, వృత్తి పేరు చెప్పి జవాబు అడగడం కూడా చాలదనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సంగతి వేరొక మలుపు తిరిగింది. ఐప్యాడ్‌లో స్విఫ్ట్ ప్లేగ్రౌండ్స్‌తో చిన్న యాప్‌లు తయారుచేసే వీలు 2021 డిసెంబర్‌లో వచ్చింది. 2024లో ఐప్యాడ్ మీద మరో కంప్యూటర్‌ను అనుకరించే యూటీఎం ఎస్ఈ యాప్‌కు స్టోరులో అనుమతి దొరికింది, అయితే వేగంగా నడవడానికి కావలసిన సౌకర్యాన్ని నిరాకరించి. ఇవి సరదాకు బాగుంటాయి. నిజంగా పని జరుగుతున్నది మాత్రం మరో రకంగా: బ్రౌజర్‌లోనే నడిచే, కోడ్ రాసే సాధనం వీఎస్ కోడ్, 2021 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ మొదలుపెట్టిన విండోస్ 365 వంటి సేవలు, కంపెనీలు ఉద్యోగులకు ఇచ్చే దూరపు డెస్క్‌టాప్‌లు. హైదరాబాద్‌లో కూర్చుని టాబ్లెట్‌లో కనిపించే విండోస్ ఎక్కడో డేటా సెంటర్‌లో నడుస్తూ ఉంటుంది. టాబ్లెట్ ఇక్కడ చక్కటి కిటికీ. కంప్యూటర్ పోలేదు, ఊరు మారింది, దానికి ప్రతి నెలా అద్దె కడుతున్నారు. నెట్ బాగున్నంతసేపు ఈ ఏర్పాటుకు వంకపెట్టలేం. సంక్రాంతికి సొంతూరు వెళ్లి, సిగ్నల్ కోసం డాబా ఎక్కవలసిన చోట నుంచి పనిచేద్దామంటే దాని బలహీనత తెలుస్తుంది.

బరువు, ధర గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, ఎందుకంటే ఇక్కడ లెక్క తేలిక. 2020 నాటి 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రో 641 గ్రాములు, దానికి తగిలించే మ్యాజిక్ కీబోర్డు 710 గ్రాములు; రెండూ కలిపితే ఆ ఏడాది మ్యాక్‌బుక్ ఎయిర్ బరువైన 1.29 కిలోలను దాటిపోయాయి. 2025 మార్చిలో మామూలు ఐప్యాడ్ మన దేశంలో 34,900 రూపాయలకు వచ్చింది. ఆపిల్ సొంత కీబోర్డు కవరు 24,900, పెన్సిళ్లలో చౌకది 7,900. మొత్తం 67,700 రూపాయలు. అప్పట్లో ఆ డబ్బులో ఒక మంచి విండోస్ ల్యాప్‌టాప్ కొని ఇంకా కొంత మిగుల్చుకునే వీలుండేది. టాబ్లెట్ చౌక అన్న మాట దాన్ని టాబ్లెట్‌గానే వాడేవారికి వర్తిస్తుంది. శరీరానికి సంబంధించి స్టీవ్ జాబ్స్ 2010 అక్టోబర్‌లోనే ఒక ఆక్షేపణ చెప్పారు: నిలువుగా నిలబెట్టిన తెరను చేయి చాచి తాకుతూ పోతే కాసేపటికి చేయి లాగేస్తుంది. పదేళ్ల తరువాత ఐప్యాడ్‌కు ట్రాక్‌ప్యాడ్ రావడానికి అదే కారణం కావచ్చు.

కనుక ఎవరికైనా సలహా చెప్పవలసివస్తే వృత్తిని కాక, గత రెండు నెలల్లో వారు పంపిన ఫైళ్లను చూపమంటాను. అవన్నీ ఈమెయిళ్లు, పీడీఎఫ్‌లు, ఫొటోలు, మామూలు పట్టికలు, వీడియో సమావేశాలు అయితే మంచి కీబోర్డుతో టాబ్లెట్ తీసుకోవడానికి సందేహించనక్కర్లేదు. బడి ఉపాధ్యాయులు, బీమా ఏజెంట్లు, సర్వే చేసేవారు, రాసుకునేవారు చాలామంది ఈ కోవలోకి వస్తారు. మాక్రోలు, ట్యాలీ, టోకెన్, పేజ్‌మేకర్‌లలో ఏ ఒక్కటి కనిపించినా, నెలకు ఒక్కసారే కనిపించినా, ఇంట్లో ఒక కంప్యూటర్ ఉండవలసిందే. అది ఏడెనిమిదేళ్ల పాతదైనా ఫరవాలేదు. ఆ నెలకు ఒక్కసారి సాధారణంగా గడువు చివరి రోజునే వస్తుంది. డిగ్రీ చదువుతున్న పిల్లలకు ఒకటే కొనగలిగే కుటుంబమైతే, తెర కొంచెం మసకగా ఉన్నా, బ్యాటరీ తక్కువ వచ్చినా ల్యాప్‌టాప్ వైపే మొగ్గుతాను; చదవడానికి ఎలాగూ చేతిలో ఫోను ఉంది.

రెండూ ఒకదానిలోనే కావాలనుకునేవారికి మిగిలేది సర్ఫేస్ తరహా విండోస్ టాబ్లెట్. అందులోనూ ఒక మెలిక ఉంది. 2024 నుంచి వస్తున్న కొన్ని రకాల్లో ఇంటెల్ బదులు స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉంటుంది. పాత ప్రోగ్రాములను అప్పటికప్పుడు అనువదించి నడిపే ఏర్పాటు విండోస్‌లో ఉంది, అది బాగానే పనిచేస్తుంది కూడా. అయితే ఆ అనువాదం డ్రైవర్లకు వర్తించదు. టోకెన్, పాత ప్రింటర్, వేలిముద్ర యంత్రం వంటివాటికి ఆ ప్రాసెసర్ కోసమే రాసిన డ్రైవర్ లేకపోతే అవి ఉన్నా లేనట్టే. కాబట్టి దుకాణానికి వెళ్లేటప్పుడు టోకెన్ జేబులో వేసుకుని వెళ్లాలి, డబ్బు చెల్లించేముందు ఆ పరికరానికి తగిలించి, డ్రైవర్ వేయించి, పిన్ అడిగే పెట్టె తెర మీద కనిపిస్తుందో లేదో చూపించమనాలి.